ఆటలు ముగిసిన మర్నాడు

నాంపల్లి స్టేషన్‌లో దిగి నడిస్తే ఇరవై నిమిషాల్లో లాల్ బహదూర్ స్టేడియం వస్తుంది. పెద్దవాళ్ళు ఇప్పటికీ ఫతే మైదాన్ అనే అంటారు. 1687లో గోల్కొండను ముట్టడించిన మొగలు సైన్యం అక్కడ విడిది చేసిందనీ, గెలిచాక ఆ పేరు పెట్టారనీ చెబుతారు. ఓడినవాళ్ళు దాన్నేమని పిలిచారో మరి!

2003 అక్టోబరు 24 నుంచి నవంబరు 1 దాకా మన హైదరాబాదులో ఆఫ్రో-ఆసియా క్రీడలు జరిగాయి. హాకీ ఫైనల్లో పాకిస్తాన్‌ను 3-1తో ఓడించాం. ఫుట్‌బాల్ ఫైనల్లో ఉజ్బెకిస్తాన్ మనల్ని 1-0తో ఓడించింది. పదహారేళ్ళ సానియా మీర్జా నాలుగు బంగారు పతకాలు గెలిచింది. అప్పటికి నేనింకా పుట్టలేదు. ఇక్కడ రాసేది మా చిన్నాయన చెప్పింది. ఆయన ఆటలు చూడనే లేదు, ఆటల కోసం పని చేశాడు.

2002లో వానలు మొహం చాటేశాయి. మాది వికారాబాద్ వైపు కంది పండించే ఊరు. మేస్త్రీ వెంట పట్నం వచ్చి రోడ్ల పక్క గోడలకు రంగులేశాడు.

మిత్రులారా, ఈ పని తీరు కొంచెం అర్థం చేసుకోవాలి. ఇల్లు కట్టేవాడు నెల ఆలస్యమైతే ఓర్చుకుంటాడు. ఆటల తేదీ మాత్రం ఆగదు. అందుకే చివరి నెలల్లో ఎంతమంది వచ్చినా చాలరు. తేదీ దాటిందా, ఒక్కడూ అక్కర్లేదు. మా ఊళ్ళో వరికోతలూ ఇంతే గానీ, కోతలు మళ్ళీ ఏడు వస్తాయి. ఈ క్రీడలు మళ్ళీ రాలేదు. తర్వాతివి అల్జీరియాలో జరగాల్సి ఉండి రద్దయిపోయాయి. మొదటివీ, చివరివీ మనవే. ఆనాడు ఆ సంగతి ఎవరికి తెలుసు?

ముగిసిన మర్నాడు ఆదివారం. కల్లం ఎత్తేసినట్టుందిరా పట్నం అంటాడు చిన్నాయన. జెండాలు కట్టిన తాళ్ళు ఇంకా ఉన్నాయి, పని లేదు. మూట భుజాన వేసుకుని ఆబిడ్స్‌కు పోయాడు. ఆదివారం అక్కడ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు అమ్ముతారు కదా (మనలో సగం మంది టెక్స్ట్‌బుక్కులు అక్కడివే). ఆయన చదివింది నాలుగో తరగతి. బేరమాడి ఒక పాత అట్లాసు కొన్నాడు. తను రంగేసిన గోడల పక్కగా బస్సుల్లో పోయిన ఆ మనుషులు ఎక్కడివాళ్ళో చూద్దామని! నాంపల్లిలో బండెక్కి ఊరు చేరేసరికి కంది పూతకొచ్చి ఉందట.

పట్నం మాత్రం త్వరగానే తేరుకుంది. నవంబరు 15న అదే ఫతే మైదాన్‌లో న్యూజిలాండ్ మీద సెహ్వాగూ సచినూ సెంచరీలు కొడితే జనం ఊగిపోయారు. 2005 నుంచి పెద్ద క్రికెట్టు ఉప్పల్‌కు పోయింది.

ఆ అట్లాసు మా ఇంట్లోనే ఉంది. పదో తరగతిలో నేను దాంట్లోనే చదువుకున్నాను. ఉజ్బెకిస్తాన్ ఎక్కడుందిరా, చూపించు అన్నాడు ఓసారి చిన్నాయన. పేజీలన్నీ తిప్పాను. అది సోవియట్ యూనియన్ నాటి పుస్తకం. మొత్తం ఒకటే రంగు. ఉజాయింపుగా ఒకచోట వేలు పెట్టి, ఇక్కడే అని చెప్పాను.