సెగ తగలని మంట

పాత ఇనప సామాన్లు కొనేవాడు మీ వీధికి వస్తూనే ఉంటాడు కదండీ. చిల్లు పడిన సత్తు గిన్నె, విరిగిన కుర్చీ, తుప్పు పట్టిన రేకు, ఏదిచ్చినా తూకం వేసి కొంటాడు. వస్తువు బరువుగా ఉంటే మనకీ సంతోషమే. నాలుగు డబ్బులు ఎక్కువ వస్తాయి. ఆ సామానంతా చివరికి తుక్కు కొట్టుకి చేరుతుంది.

2020 జనవరిలో అలాంటి తుక్కు కొట్టు ఒకటి పేపర్లోకి ఎక్కింది. ఆ కొట్టు కలిదిండిలో ఉంది. కలిదిండి అప్పుడు కృష్ణా జిల్లాలో ఉండేది. ఇప్పుడు ఏలూరు జిల్లాలో ఉంది. ఆ కొట్లో ఒక పెట్టె దొరికింది. అది రాజమండ్రి ఓ.ఎన్.జి.సి. పనిలో వాడే పెట్టె. అంతకు కొద్ది రోజుల ముందు కనపడకుండా పోయింది. పోలీసులు ఊరూరా వెతికారు.

ఒక పెట్టె కోసం అంత వెతుకులాట ఎందుకు? అందులో సీసియం-137 అనే పదార్థం ఉంది. దాని నుంచి రేడియేషన్ వస్తుంది. పెట్టె భద్రంగా దొరికింది కాబట్టి సరిపోయింది. ఎవరైనా సుత్తి పెట్టి పగలగొట్టి ఉంటే ఏమయ్యేది? అది తెలియాలంటే మన ఒంట్లో ఏం జరుగుతుందో తెలుసుకోవాలి.

ముందు ఒక మాట. చమురు కోసం, గ్యాస్ కోసం మన జిల్లాల్లో లోతుగా బావులు తవ్వుతారు. ఎంత లోతున ఎలాంటి రాయి ఉందో పైనుంచి చూస్తే తెలియదు. అందుకని ఈ సీసియాన్ని పరికరంలో పెట్టి బావిలోకి దింపుతారు. దాని కిరణాలు రాతిని తాకి వెనక్కి వస్తాయి. ఎన్ని వచ్చాయో లెక్క కడితే రాయి సంగతి తెలుస్తుంది. పని తెలిసినవాళ్లు జాగ్రత్తగా వాడితే ప్రమాదం లేదు.

కనపడే మంట, కనపడని మంట

1995 జనవరిలో పాశర్లపూడిలో గ్యాస్ బావి అంటుకుంది. బ్లోఅవుట్ అన్నారు. 65 రోజులు మండింది. కోనసీమలో పెద్దవాళ్లని అడిగితే ఇప్పటికీ చెబుతారు. ఆ మంట చాలా దూరానికి కనపడింది. జనం పిల్లల్ని చంకనేసుకుని ఊళ్లు వదిలి పోయారు. పొమ్మని ఒకరు చెప్పక్కర్లేదు. సెగే చెప్పింది.

రేడియేషన్ అలా చెప్పదు. కనపడదు. వాసన ఉండదు. చప్పుడు ఉండదు. చేత్తో పట్టుకున్నా సుర్రుమనదు. అదే దానితో వచ్చిన చిక్కు.

ఎండలాగే ఇవీ కిరణాలే. కానీ ఎండ మన చర్మం దగ్గర ఆగిపోతుంది. ఈ కిరణాలు చర్మం, కండ, ఎముక అన్నీ దాటి అవతలికి పోతాయి. వాటిని ఆపాలంటే సీసం లాంటి బరువైన లోహం మందంగా ఉండాలి. (సీసం వేరు, సీసియం వేరు. పేర్లు దగ్గరగా ఉన్నాయంతే.) అందుకే ఇలాంటి పెట్టెలు చూడ్డానికి చిన్నవైనా ఎత్తబోతే మహా బరువు. తుక్కు కొనేవాడికి కావలసిందీ ఆ బరువే.

ఆకుమడి ఎండింది, పురిలో ధాన్యం ఉంది

మన ఒళ్లంతా కణాలు. కంటికి కనపడనంత చిన్నవి. ఒక కణం రెండవుతుంది, రెండు నాలుగవుతాయి. అలా పాతవి పోతుంటే కొత్తవి వస్తుంటాయి. రెండు ఎలా అవ్వాలో చెప్పే రాత ప్రతి కణంలోనూ సన్నని దారంలా ఉంటుంది. ఎక్కువ రేడియేషన్ తగిలితే ఆ దారం తెగిపోతుంది. ఇక ఆ కణం కొత్తదాన్ని పుట్టించలేదు. పుట్టించబోయి చస్తుంది.

ఒంట్లో అన్నిచోట్లా కణాలు ఒకే వేగంతో పెరగవు. ఎముకల లోపల మూలుగ ఉంటుంది. రక్తం తయారయ్యేది అక్కడే. మూలుగలో పని పగలూ రాత్రీ ఆగదు. పేగుల లోపలి పొర మూడు నాలుగు రోజులకోసారి కొత్తది వస్తుంది. జుట్టు కుదుళ్లూ అంతే. కడుపులో బిడ్డ సంగతి చెప్పేదేముంది, ఆ ఒళ్లంతా పెరుగుదలే. వేగంగా పెరిగే చోటే రేడియేషన్ ముందుగా దెబ్బ తీస్తుంది.

ఇక్కడ ఒక తిరకాసు ఉంది. పెద్ద డోసు ఒళ్లంతా తగిలిన మనిషికి కొన్ని గంటల్లోనే వాంతులవుతాయి. ఎంత ఎక్కువ తగిలితే అంత త్వరగా అవుతాయి. నీరసం, తలనొప్పి కూడా ఉంటాయి. ఒకటి రెండు రోజులకి అవి తగ్గిపోతాయి. మనిషి లేచి తిరుగుతాడు. అన్నం తింటాడు. "ఏదో పడలేదులే, తగ్గిపోయింది" అనుకుంటారు ఇంట్లోవాళ్లు. అలా కొన్ని రోజులు, ఒక్కోసారి రెండు మూడు వారాలు గడుస్తాయి.

ఎందుకలా? మన పొలం సంగతే చూడండి. ఆకుమడి ఎండిపోయిందనుకోండి. ఆ రోజే ఎవరూ పస్తుండరు. పురిలో పాత ధాన్యం ఉంటుంది. అది అయ్యేదాకా వంట సాగుతుంది. అయిపోయాక తెలుస్తుంది అసలు కష్టం.

మూలుగ మన ఒంట్లో ఆకుమడి. ఒంట్లో తిరిగే రక్తం పురిలో ధాన్యం. రక్తంలో తెల్ల కణాలు రోగాలతో పోరాడతాయి. వాటిలో ఎక్కువ భాగం కొద్ది రోజులే బతుకుతాయి. రక్తం గడ్డ కట్టించే కణాలు 8 నుంచి 10 రోజులు. ఎర్ర కణాలు 120 రోజులు. మూలుగ పాడైతే ముందు తెల్ల కణాలు తగ్గుతాయి. జ్వరం వస్తుంది, నోరు పూస్తుంది, చిన్న పుండు కూడా మానదు. తరవాత గడ్డ కట్టించే కణాలు తగ్గుతాయి. చిగుళ్ల నుంచి, ముక్కు నుంచి రక్తం కారుతుంది. జుట్టు కుచ్చులు కుచ్చులుగా ఊడుతుంది. ఇదంతా జరిగేసరికి మొదటి రోజు వాంతుల్ని అందరూ మర్చిపోయి ఉంటారు.

చేత్తో పట్టుకుంటే చెయ్యి మీద ఇంకో రకంగా పడుతుంది. ఆ రోజు ఏమీ ఉండదు. కొన్ని రోజులకి ఎర్రబడుతుంది. రెండు మూడు వారాలకి బొబ్బలెక్కుతుంది. నిప్పు తగలలేదు, వేడి నూనె పడలేదు, అయినా కాలిన పుండు. మామూలు పుండులా మానదు. కొందరికి వేళ్లు తీసెయ్యాల్సి వస్తుంది.

బస్సులో సంచి పట్టుకుపోయిన ఆమె

సీసియం పెట్టె పగిలితే ఏమవుతుందో బ్రెజిల్ దేశంలో చూశారు. గోయానియా అనే ఊరు. 1987 సెప్టెంబరు. ఒక ఆసుపత్రి వేరే చోటికి మారింది. కాన్సరుకి వాడే పాత యంత్రం ఒకటి పాత భవనంలోనే ఉండిపోయింది. ఇద్దరు మనుషులు తుక్కుకి అమ్ముకోవచ్చని అందులో బరువైన ముక్కని విప్పి తెచ్చారు. అదే రోజు వాళ్లకి వాంతులయ్యాయి. తిన్నది పడలేదనుకున్నారు.

దాన్ని తుక్కు కొట్టాయనకి అమ్మారు. రాత్రి చూస్తే అందులోంచి నీలం వెలుగు. ఆయనకి ముచ్చటేసింది. ఇంట్లోకి తెచ్చి చుట్టాలకీ, స్నేహితులకీ చూపించాడు. బియ్యపు గింజలంత పలుకులు తీసి పంచిపెట్టాడు. కొందరు ఆ పొడి ఒంటికి రాసుకున్నారు. ఆయన తోడబుట్టినవాడి కూతురికి ఆరేళ్లు. ఆ పిల్ల పొడితో ఆడుకుని, ఆ చేత్తోనే తిండి తింది.

తుక్కు కొట్టాయన భార్య గమనించింది. తనకి ఒంట్లో బాగోలేదు. ఇంటికి వచ్చిపోయిన వాళ్లకీ బాగోలేదు. అందరికీ ఒకేసారి ఎందుకొస్తుంది? ఆ వెలిగే పొడి ఇంట్లోకి వచ్చిన దగ్గర్నుంచే ఇదంతా అని ఆమెకి తట్టింది. సెప్టెంబరు 28న మిగిలిన ముక్కని సంచిలో వేయించి, కొట్లో పనిచేసే మనిషిని తోడు తీసుకుని, బస్సెక్కి ఆరోగ్య శాఖ ఆఫీసుకి వెళ్లింది. దీనివల్లే మావాళ్లు పోతున్నారని చెప్పింది. మర్నాడు మీటరు పెట్టి చూస్తే నిజం బయటపడింది.

అప్పటిదాకా డాక్టర్లు కూడా వేరే జబ్బనుకున్నారు. ఇంట్లో ఎవరు తిన్నారో, ఎవరు తినలేదో చూసుకునే మనిషికి తెలిసింది. నాకైతే ఈ కథలో అందరికన్నా ఆమే పెద్ద డాక్టరు.

ఆమె బతకలేదు. అక్టోబరు 23న చనిపోయింది. ఆరేళ్ల పిల్ల కూడా ఆ రోజే పోయింది. కొట్లో పనిచేసే కుర్రాళ్లు ఇద్దరు పోయారు. ఒకడికి 22 ఏళ్లు, ఒకడికి 18. ఆ ఊళ్లో లక్షా 12 వేల మందిని పరీక్ష చేశారు. 249 మంది ఒంటి మీదో, లోపలో సీసియం ఉన్నట్టు తేలింది. ఆమె ఆ రోజు వెళ్లకపోతే లెక్క ఇంకెంత పెరిగేదో. చాలామందిని మందులిచ్చి బతికించారు. శుభ్రమైన గదిలో ఉంచారు, రక్తం ఎక్కించారు. ఒంట్లోని సీసియం బయటికి పోవడానికి ప్రష్యన్ బ్లూ అనే మందు మింగించారు. అది నిజానికి నీలం రంగు.

మన దేశంలో కూడా జరిగింది. 2010లో ఢిల్లీ మాయాపురి తుక్కు బజారుకి ఒక పాత యంత్రం వచ్చింది. ఢిల్లీ విశ్వవిద్యాలయం వాళ్లు వాడకం మానేసిన యంత్రాన్ని వేలం వేశారు. లోపల కోబాల్టు-60 ఉందని కొన్నవాళ్లకి తెలియదు. కోసి ముక్కలు చేశారు. ఒకాయన చిన్న ముక్కని పర్సులో పెట్టుకుని తిరిగాడు. పర్సు ఉన్నచోట పుండు పడింది. 8 మంది ఆసుపత్రి పాలయ్యారు. ఒకరు ఏప్రిల్ 26న చనిపోయారు.

మరి ఎక్స్‌రే మాటేమిటి?

ఇది చదివి ఎక్స్‌రే అంటే భయపడకండి. రేడియేషన్ని గ్రే అనే కొలతతో కొలుస్తారు. ఒళ్లంతటికీ ఒక గ్రే తగిలితే కొందరికి వాంతులవుతాయి. 4, 5 గ్రేలు ఒకేసారి తగిలి, వైద్యం లేకపోతే, సగం మంది రెండు నెలల్లో పోతారు. 10 దాటితే పేగులే పాడైపోతాయి, బతకడం చాలా కష్టం. ఛాతీ ఎక్స్‌రేలో తగిలేది గ్రేలో సుమారు 10 వేల వంతు. ఒక గ్రే అవ్వాలంటే 10 వేల ఎక్స్‌రేలు తియ్యాలి. అయితే నెల తప్పిందని అనుమానం ఉంటే ఆ గదిలోకి వెళ్లే ముందే చెప్పాలి. అడిగేదాకా ఆగక్కర్లేదు.

గర్భసంచి ముఖద్వారం కాన్సరుకి "కరెంటు పెడతారు" అంటాం. అది కరెంటు కాదు, రేడియేషనే. బయటినుంచి యంత్రంతో ఇచ్చేది 45, 50 గ్రేల దాకా ఉంటుంది. అంతిస్తే చావరా అని మీరు అడగొచ్చు. ఒళ్లంతటికీ ఇవ్వరు, జబ్బున్న చోటికే గురి పెడతారు. ఒక్కరోజులో ఇవ్వరు, ఐదు వారాలపాటు రోజుకి కొంచెం ఇస్తారు. మధ్యలో మంచి కణాలు కోలుకుంటాయి. కాన్సరు కణాలు అంతగా కోలుకోలేవు. విరేచనాలు, నీరసం, అక్కడ చర్మం నల్లబడటం ఉంటాయి. చాలామందికి ముట్లు ఆగిపోతాయి. సగంలో మానేస్తే మాత్రం పడిన కష్టమంతా వృథా. బయటినుంచి యంత్రంతో ఇలా పెట్టించుకున్న మనిషిలో రేడియేషన్ మిగలదు. ఆమె పక్కన కూర్చున్నా, ఒకే కంచంలో తిన్నా ఎవరికీ ఏమీ అంటదు. ఆమెని వేరే గదిలో పెట్టే ఇళ్లు ఉన్నాయి. అది తప్పండి.

దొరికితే ఏం చెయ్యాలి

పసుపు రంగు మీద మూడు రెక్కల ఫ్యాను లాంటి గుర్తు ఉంటే అది రేడియేషన్ గుర్తు. ఎక్స్‌రే గది తలుపు మీద కూడా ఉంటుంది, ఈసారి చూడండి. తుక్కులోకి వచ్చేసరికి రంగు పోయి గుర్తు చెరిగిపోవచ్చు కూడా. చిన్నదై ఉండి విపరీతమైన బరువున్న పెట్టె, చీకట్లో మెరిసే పొడి, ఎవరిదో తెలియని లోహపు కడ్డీ, ఇలాంటివి కనపడితే ముట్టుకోవద్దు. పగలగొట్టనివ్వద్దు. పిల్లల్ని దూరంగా తీసుకుపోవాలి. దూరం జరిగితే చాలా లాభం. ఒక అడుగు దూరం నుంచి రెండు అడుగులకి జరిగితే తగిలేది నాలుగో వంతుకి తగ్గుతుంది. పది అడుగులకి జరిగితే నూరో వంతే. తరవాత 112కి ఫోను చేసి పోలీసులకి చెప్పాలి. గోతిలో పూడ్చి ఊరుకుంటే కుదరదు. సీసియం సగం తగ్గడానికే 30 ఏళ్లు పడుతుంది.

ముట్టుకున్నాక వాంతులైతే, తగ్గిపోయినా సరే ఆసుపత్రికి వెళ్లాలి. ఏ రోజు ముట్టుకున్నదీ, ఎంతసేపు పట్టుకున్నదీ, ఎంతసేపటికి వాంతి అయిందీ డాక్టరుకి చెప్పాలి. కాలకుండానే కాలిన పుండు పడితే ఆ మాటా చెప్పాలి. రక్తపరీక్ష చేస్తే ఒకటి రెండు రోజుల్లో ఎంత తగిలిందో ఒక అంచనా వస్తుంది.

పొడి ఒంటి మీద పడితే ముందు పైబట్టలు తీసెయ్యాలి. సబ్బుతో, మామూలు నీళ్లతో మెల్లిగా కడుక్కోవాలి. చర్మం రేగిపోయేలా రుద్దకూడదు. చేతులు కడుక్కునేదాకా ఏమీ తినకూడదు. విప్పిన బట్టలు కాలవకి తీసుకెళ్లి ఉతకవద్దు. వాటిని కవర్లో మూట కట్టి, ఎవరూ తిరగని చోట పెట్టి, వచ్చిన అధికారులకి అప్పగించాలి.