మౌసు పట్టుట నేర్పిన పేకాట

సహకార సంఘముల చిట్టాలు, ఆవర్జాలు కాగితము విడిచి కంప్యూటరునకు మారుచున్న దినములివి. 2022 జూను 29వ తేదీన కేంద్ర మంత్రివర్గము దేశములోని 63,000 ప్రాథమిక వ్యవసాయ పరపతి సంఘములకు కంప్యూటర్లు సమకూర్చుటకై రూ. 2,516 కోట్ల పథకము నంగీకరించినది. దానిని అమలుజరుపు బాధ్యత నాబార్డునకు ఒప్పగింపబడినది. యంత్రము వచ్చుట ఒక యెత్తు, దానిని చేతబట్టుట మరియొక యెత్తు. ఆకును వ్రేళ్ళతో తడిమి పొగాకు రకము చెప్పగల రైతు, ఎత్తైన ఆయిలుపాము చెట్టునుండి గెలను గురితప్పక కోయగల రైతు, మౌసును పట్టుకొనగానే చేయి బిగబట్టి, తెరమీది బాణపుగుర్తును ఏమూలకో తోలి, 'ఇది నా వల్ల కాదు' అని లేచిపోవుట నేను పలుమారులు చూచితిని. ఇది తెలివితక్కువతనము కాదు, అలవాటు లేకపోవుట మాత్రమే.

కష్టమెక్కడ నున్నదో మొదట గ్రహింపవలెను. నాగలి పట్టినవానికి చేయి యెక్కడనో చూపును అక్కడనే యుండును. మౌసు విషయమున చేయి బల్లమీద, చూపు తెరమీద. చేతిని ముందుకు జరిపినచో బాణము పైకి పోవును. చేయి జానెడు కదలకమునుపే బాణము తెర ఆ చివరకు చేరును. దీనికి తోడు నేర్వవలసిన పనులు మూడు గలవు. మీట నొకమారు నొక్కుట మొదటిది. వెంటవెంటనే రెండుమార్లు నొక్కుట రెండవది. నొక్కిన మీటను విడువక వస్తువును ఈడ్చుకొనిపోయి, కావలసిన చోట విడుచుట మూడవది. ఈ మూడవదియే అందరిని ఏడిపించును. సగము దూరము పోవునప్పటికి వ్రేలు సడలును.

ఈ పరికరము మొదట అమెరికాలో స్టాన్‌ఫర్డు పరిశోధనాలయమున 1964లో పుట్టినది. డగ్లసు ఎంగెల్‌బార్టు ఊహించగా, బిల్ ఇంగ్లీషు అనునాయన దానిని తయారుచేసెను. అది చిన్న కొయ్యదిమ్మ, దాని యడుగున రెండు చక్రములు, వెనుక తోకవలె ఒక తీగ. ఆ తోక వలననే దానికి ఎలుక యను పేరు నిలిచినది. 1968 డిసెంబరు 9న ఎంగెల్‌బార్టు దానిని శాన్‌ఫ్రాన్సిస్కోలో నిండుసభలో చూపెను. సామాన్యుల బల్లలమీదికి అది వచ్చుటకు మాత్రము మరి పదునైదు సంవత్సరములు పట్టినది. 1984లో మాకింటోషు యంత్రమును అమ్మిన ఆపిల్ కంపెనీవారు, కొన్నవారికి మౌసును తిప్పుట నేర్పుటకు ఒక పాఠమును కూడ దానితోపాటు ఇచ్చిరి. ఆనాటి అమెరికావారికిని మౌసు మనకువలెనే క్రొత్తయని దీనివలన తెలియుచున్నది.

పాఠమని పేరుపెట్టక పాఠము చెప్పినది 1990 మే నెలలో విండోసు 3.0తో కూడ వచ్చిన సాలిటేరు అను ఒంటరి పేకాట. దీనిని వ్రాసినవాడు వెస్ చెర్రీ, అప్పటికి ఆ కంపెనీలో పని నేర్చుకొనుచున్న విద్యార్థి. ముక్కలమీది బొమ్మలు గీసినది సూజన్ కేర్. కుర్రవాడు తన సరదాకు వ్రాసినదైనను, యంత్రమును చూచి బెదరువారి భయము పోగొట్టుటకు అది పనికివచ్చినది.

ఆటయొక్క తీరు గమనింపుడు. 52 ముక్కలలో 28 ముక్కలు ఏడు వరుసలుగా పరచబడి యుండును, మిగిలిన 24 ఒక కట్టగా నుండును. కట్టమీద ఒకమారు నొక్కినచో క్రొత్త ముక్క తిరుగబడును. మొదటి పని వచ్చినది. నల్ల తొమ్మిదిమీద ఎఱ్ఱ యెనిమిదిని, దానిమీద నల్ల యేడును ఈడ్చి పెట్టవలెను. ఇది మూడవ పని. ఒక ఆటలో పదులకొలది మార్లు చేయవలసి వచ్చును. ఇస్పేటు, కళావరు, ఆఠీను, డైమను నాలుగింటిని ఆసు మొదలు రాజువరకు పైన పేర్చుటయే గెలుపు. పైకి పోదగిన ముక్కమీద వెంటవెంట రెండుమార్లు నొక్కినచో అదియే ఎగిరి తన స్థానమునకు పోవును. రెండవ పనియు వచ్చినది. ముక్కను కూడని చోట విడిచినచో అది మారుమాటాడక వెనుకటి చోటికి పోవును. దండనలేదు, నవ్వువారు లేరు. కోడెను కాడికి అలవాటుచేయునప్పుడు మొదటిదినముననే బురదమడిలో నాగలికి కట్టము గదా! ఈ ఆట ఆ వట్టి కాడివంటిది. సంఘపు లెక్కలో అట్లు కాదు. ఒకరి పేరున జమకావలసిన వాయిదాసొమ్ము, బాణము వ్రేలెడు జారిన కారణమున క్రిందివరుస వారి పేరున పడినచో, అది తనంతట తాను వెనుకకు రాదు.

సంఘపు కార్యాలయములో పేకాటయా యని పెద్దలడుగుదురు. అడుగదగిన ప్రశ్నయే. నేను చదివిన మిషను బడిలో పేకముక్క ముట్టుటయే పాపమని చెప్పిరి. పేకాటవలన పొలములు పోగొట్టుకొన్నవారి కథలు మన యూళ్ళలో వేరుగ చెప్పనక్కరలేదు. కాని ఈ యాటలో ఎదుటివాడు లేడు, పందెము లేదు. నాకు దీనిలో కనబడు దోషము కాలహరణము. అభ్యాసమునకు అరగంట చాలును. నేర్చిన పిమ్మటకూడ గుమాస్తా దానిమీదనే కూర్చున్నచో అడుగు హక్కు సభ్యులకు కలదు. సొమ్మొడ్డి ఆడు పేకాటలును నేడు ఫోనులలో కనబడుచున్నవి. అవి వేరు, వాని జోలికి పోరాదు.

1992లో విండోసు 3.1తో వచ్చిన మైన్‌స్వీపరు అను ఆట మౌసుయొక్క కుడిమీటను నేర్పును. గడుల క్రింద మందుపాతర లుండును. ఎడమమీట గడిని తెరచును, కుడిమీట అనుమానమున్న గడిమీద జెండా నాటును. మొదటి తరగతిలో 64 గడులు, 10 పాతరలు. తొందరపడి మీట మార్చి నొక్కినచో ఆట ముగియును. పాతరల వలన నిజముగ కాళ్ళు పోగొట్టుకొన్న దేశములుండగా ఇదేమి వినోదమని కొందరు ఆక్షేపించిరి. 2007లో వచ్చిన విండోసు విస్టాలో పాతరలకు బదులు పూలతోటను ఎంచుకొను వీలు కల్పింపబడినది. మనకు అదియే నచ్చును.

పేకముక్కలు బొత్తిగా వలదను ఇండ్లకు జీకాంప్రీ అనునది కలదు. ఫ్రాన్సు దేశస్థుడు బ్రూనో కుదువాఁ 2000లో దీనిని ప్రారంభించెను. వెల లేదు. పిల్లలకై చేసినదైనను పెద్దలకును తగును. మొదటి ఆటలో మౌసును కదపినంతనే పలకలు తొలగి, వెనుకనున్న బొమ్మ కనబడును. రెండవదానిలో పలకను నొక్కవలెను, మూడవదానిలో రెండుమార్లు నొక్కవలెను. ఈదుచున్న చేపలు తొట్టి దాటకముందే వానిమీద నొక్కు ఆట యొకటి గలదు. కొల్లేటి వారికి దానిని ప్రత్యేకముగ నేర్పనక్కరలేదు!

అభ్యాసమునకు కూర్చున్నప్పుడు మోచేయి బల్లమీద ఆనవలెను. మౌసును గట్టిగా పిసుకరాదు, పిచ్చుకపిల్లను పట్టినట్లు పట్టవలెను. చూపు చేతిమీద కాక తెరమీద నుండవలెను. ముఖ్యముగా, ప్రక్కనున్న మనుమడు 'తాతా, ఇటు తే' యని మౌసు లాగుకొనిపోనీయరాదు. వాడు చేసిన పని వానికి వచ్చును గాని తాతకు రాదు.

నాలుగైదు దినములలో మూడు పనులును చేతికి వచ్చును. పిమ్మట 2015లో ప్రభుత్వము ప్రారంభించిన మీభూమిని తెరచి తన అడంగలును తానే చూచుకొనవచ్చును. అచట జిల్లా, మండలము, గ్రామము వరుసగా జాబితాలనుండి ఎంచుకొనవలెను. జాబితాను జార్చి సరియైన పేరుమీద నొక్కుట సాలిటేరు ఆడిన చేతికి సులభమే. జంగారెడ్డిగూడెము 2022 ఏప్రిల్ 4 మొదలు ఏలూరు జిల్లాలోనిది గనుక, పాత అలవాటున పశ్చిమగోదావరిని నొక్కక, ఏలూరును నొక్కవలెను.