496 బైట్లలో ఒక చిరునామా

ఒక మనిషి పేరు, ఫోన్ నంబరు, చిరునామా దాచుకోవడానికి కంప్యూటర్‌లో ఎంత చోటు కావాలి? 1985 నవంబర్‌లో విండోస్ 1.0తో పాటు వచ్చిన కార్డ్‌ఫైల్ అనే ప్రోగ్రామ్ దగ్గర దీనికి కచ్చితమైన లెక్క ఉంది: బొమ్మ లేని కార్డుకు ఎక్కువలో ఎక్కువ 496 బైట్లు.

తెర మీద అట్టముక్కలు ఒకదాని వెనక ఒకటి పేర్చినట్టు కనిపించేవి. కార్డు నెత్తిన ఒక శీర్షిక వరుస, కింద 11 వరుసలు. వరుసకు 40 అక్షరాల చొప్పున మొత్తం 440. కార్డులు శీర్షికల అక్షరక్రమంలో వాటంతటవే సర్దుకునేవి. ఇంటిపేరు ముందు రాస్తే ఒక ఇంటివాళ్లంతా పక్కపక్కనే చేరతారు.

ఫైలు లోపల

- మొదటి 3 బైట్లు: ఎం, జీ, సీ అన్న గుర్తు.
- తర్వాతి 2: మొత్తం కార్డులెన్నో.
- ఆపైన సూచిక, కార్డుకు 52 బైట్లు: 6 ఖాళీ, 4 వివరాలు ఎక్కడున్నాయో చెప్పే అంకె, 1 గుర్తు, 40 శీర్షిక, 1 ముగింపు సున్నా.
- చివర వివరాలు: బొమ్మ పరిమాణానికి 2, పాఠం పొడవుకు 2, పాఠానికి 440 దాకా.

52, 4, 440 కలిపితే 496. నిండా రాసిన 100 కార్డుల ఫైలు 49,605 బైట్లు. అందులో సూచిక వాటా 5,200 మాత్రమే. విండోస్ 1.0కు కనీసం 256 కిలోబైట్ల మెమరీ ఉంటే చాలన్న రోజులవి. అంత ఇరుకులో, వివరాలన్నీ తిరగెయ్యకుండా పేరు పట్టుకోవాలంటే సూచికను విడిగా ముందు పెట్టడమే తెలివైన పని.

తెలుగు పేరుకు చాలని చోటు

ఈ లెక్కంతా అక్షరానికి ఒక బైటు అన్న పద్ధతిది. కంటికి రెండక్షరాలుగా కనిపించే ‘లక్ష్మి’ యూనికోడ్‌లో 7 సంకేతాలు. ఇప్పుడు విరివిగా వాడే యూటీఎఫ్-8లో ఒక్కోదానికి 3 బైట్లు, అంటే 21. కార్డు శీర్షికకున్న 40 బైట్లలో సగానికి పైగా ఒక్క పేరుకే సరిపోతుంది. మన అక్షరాలకు చోటు దొరకాలంటే ఈ కొలతలే మారాల్సి వచ్చింది.

పాత ఫ్లాపీ దొరికితే

1995లో వచ్చిన విండోస్ 95ను కొత్తగా వేసుకుంటే కార్డ్‌ఫైల్ కనిపించదు. అంతమాత్రాన పాత కార్డులు పోయినట్టు కాదు. ముందు ఫైలుకు నకలు తీసి, మొదటి 3 బైట్లు చూడండి. ఎం, జీ, సీ అయితే పై లెక్క వర్తిస్తుంది. విండోస్ 3.1 నాటి ఫైళ్లలో ఆర్, ఆర్, జీ ఉండొచ్చు. వాటి అమరిక కొంచెం వేరు.

ఏ బైటు దేనికో తెలుసు కాబట్టే ఇన్నేళ్ల తర్వాతా ఆ పేర్లు చదవగలం. మన ఫోన్‌లోని పేర్లకూ ఆ భద్రత కావాలి. వాటిని వీకార్డ్ రూపంలో దించి, ఫోన్ బయట ఒక నకలు దాచండి. అది మామూలు పాఠం. ఏ కంప్యూటరైనా తెరుస్తుంది. మనం లేనప్పుడు ఇంట్లోవాళ్లకు ఎవరికి కబురు పెట్టాలో చెప్పేది ఆ జాబితాయే.