మెడలో బిళ్ళ – కికుచి వ్యాధి

మెడ ప్రక్కన బిళ్ళ కట్టినదనగానే ఇంటిల్లిపాది గుండె జారుట మనమెరిగినదే. తెలుగువారు బిళ్ళ యన్నను, ఉర్దూవారు గిల్టీ యన్నను భయమొక్కటే: ఇది క్షయయా, కాన్సరా? ఆ రెంటిని పోలియుండి, ఆ రెండును కాని వ్యాధి యొకటి కలదు. దానిని గూర్చి విద్యార్థులకు, కళాశాల పెద్దలకు నాలుగు మాటలు మనవి చేయదలచితిమి.

1972లో జపానునందు కికుచి, ఫుజిమొటో అను వైద్యులు విడివిడిగా దీనిని వర్ణించిరి. ఇది అరుదైనది, అయినను ఆసియావాసులలో, 40 ఏండ్లలోపు వారిలో, విశేషించి యువతులలో కనబడుచున్నది. అనగా మన తరగతి గదులలోని వయస్సే.

లింఫు గ్రంథులు దేహమునకు కావలి ఠాణాలు. ఈ వ్యాధిలో మెడలోని గ్రంథులు, తరచు ఒక ప్రక్కనే, ఉబ్బును. తాకిన నొప్పి యుండవచ్చును. జ్వరము, రాత్రి చెమటలు, బరువు తగ్గుట కూడ కలుగవచ్చును. క్షయలోను, లింఫోమా అను కాన్సరులోను ఇవే లక్షణములు! కనుక చేతితో తడిమి ఎవరును తేల్చజాలరు. సూదితో తీసిన కణములు కొంత సూచన యిచ్చును. గ్రంథిని తీసి చేయు బయాప్సీయే ప్రమాణము. సూక్ష్మదర్శిని క్రింద కణములు నశించి పొడియైన తావులు కనబడును. అయినను చీములో నుండు న్యూట్రోఫిల్ కణములు అచ్చట సాధారణముగా నుండవు. వైద్యులు పట్టుకొను ఆనవాలు అదియే.

క్షయ విస్తారముగానున్న మన దేశములో, బయాప్సీ లేకయే ఆరు నెలల మందులు మొదలిడుట కద్దు. బిళ్ళ కరగినచో మందే కరగించినదని తలంతుము. కాని కికుచి వ్యాధి సాధారణముగా 1 నుండి 4 నెలలలో తనంతట తానే తగ్గును. జ్వరమునకు, నొప్పికి మందులు చాలును. తీవ్రమైనచో స్టీరాయిడ్లు వాడుదురు. లింఫోమాయని పొరబడినచో అక్కరలేని కీమోథెరపీ తప్పదు. అట్లని నిజమైన క్షయను కికుచియని ఉపేక్షించిన ప్రాణాపాయము. నూటికి 3, 4 గురికి ఇది తిరిగివచ్చును. కొందరిలో లూపస్ వ్యాధి తోడగును. కావున తగ్గిన తరువాతను కొన్నేండ్లు వైద్యుని చూచుచుండవలెను.

కొత్తగూడ హాస్టళ్ళలో నుండి చదువుకొను, ఉద్యోగములు చేయు యువతులెందరో. పరీక్షలు దాటనిమ్మని, పెండ్లి సంబంధము చెడునని బిళ్ళను దాచుకొనవలదు. రెండు వారములకు తగ్గనిచో వైద్యునికి చూపుడు; ప్రక్కనే కొండాపూరులో ప్రభుత్వాసుపత్రి కలదు. పేరు తెలియని బిళ్ళకు భయపడుటకన్న, పేరు తెలిసికొనుట మేలని మా మనవి.