పెద్దాయన తర్వాత ఎవరు?

1977 నవంబరులో దివిసీమను ఉప్పెన ముంచెత్తినప్పుడు సహాయానికి వెళ్లిన యువకుల్లో కొందరు ఆ ప్రాంతంలోనే ఉండిపోయి సంస్థలు పెట్టారు. తర్వాతి పదిహేను, ఇరవై ఏళ్లలో రాయలసీమ కరువు పల్లెల్లోనూ, తెలంగాణలో బాలకార్మికుల సమస్య మీదా మరెన్నో పుట్టాయి. ఆ తరం వ్యవస్థాపకులు ఇప్పుడు డెబ్బై దాటుతున్నారు. కొత్త డైరెక్టర్‌ను వెతుక్కోవాల్సిన అవసరం చాలా సంస్థలకు ఇంచుమించు ఒకేసారి వచ్చింది. మనుషులు దొరకడం లేదని బోర్డులు వాపోతున్నాయి. నిజానికి బోర్డు సమావేశాల్లో ఎవరూ ప్రశ్నించకుండా వదిలేసే కొన్ని మాటలే వచ్చేవాళ్లను గుమ్మం దగ్గర ఆపేస్తున్నాయి.

అపోహ: సేవాసంస్థను నడిపేవాళ్లు మంచి జీతం తీసుకోకూడదు.

ఏ చట్టమూ అలా చెప్పలేదు. సంస్థ సొసైటీగా ఉన్నా, ట్రస్టుగా ఉన్నా, కంపెనీల చట్టం 8వ సెక్షన్ కింద నమోదైన కంపెనీ అయినా, నిషేధం మిగులును పంచుకోవడం మీదే. చేసిన పనికి జీతం పుచ్చుకోవడం మిగులును పంచుకోవడం కాదు. ఆదాయపు పన్ను చట్టం పెట్టే షరతు ఇంకొకటి ఉంది: వ్యవస్థాపకులకో, ట్రస్టీలకో, వాళ్ల బంధువులకో ఇచ్చే జీతం ఆ పనికి తగినట్టుగా ఉండాలి, మించితే పన్ను మినహాయింపుకే ముప్పు. అంటే చట్టం అడిగేది తగిన జీతం. తక్కువ జీతం ఇమ్మని అది అడగలేదు.

కానీ చట్టం కంటే మన మొహమాటం గట్టిది. ‘పెద్దాయన ముప్పై ఏళ్లు గౌరవ వేతనంతో నెట్టుకొచ్చారు, కొత్తవాళ్లకు లక్షన్నర ఎందుకు?’ అనే మాట వినని ట్రస్టీ ఉండరేమో. పెద్దాయనకు ఊళ్లో పొలమో, భార్య టీచరు ఉద్యోగమో ఆసరాగా ఉండి ఉండొచ్చన్న సంగతి అప్పుడు ఎవరికీ గుర్తురాదు. జీతం ముప్పై వేలు అని ప్రకటిస్తే దరఖాస్తు చేయగలిగేది ఎవరు? పెన్షన్ వచ్చేవాళ్లు, ఇంట్లో మరో సంపాదన ఉన్నవాళ్లు. ఇంటి బాధ్యతంతా తన మీదే ఉన్న మహిళ, తమ కుటుంబంలో మొదటిసారి డిగ్రీ చదివిన దళిత యువకుడు దరఖాస్తే పెట్టరు. ఎవరి కోసం సంస్థ పుట్టిందో వాళ్లకే డైరెక్టర్ కుర్చీ అందదు. ఇది త్యాగం కాదని నా అభిప్రాయం. పేదవాళ్లను ఎంపిక నుంచి తప్పించే పద్ధతి ఇది, కాకపోతే చూడ్డానికి మర్యాదగా ఉంటుంది.

అపోహ: డబ్బిచ్చేవాళ్ల నిబంధనలే అడ్డం, జీతం పెంచడం కుదరదు.

ఇందులో కొంత నిజముంది. 2020లో విదేశీ విరాళాల నియంత్రణ చట్టాన్ని సవరించినప్పుడు పరిపాలన ఖర్చుల పరిమితిని 50 శాతం నుంచి 20 శాతానికి తగ్గించారు. సంస్థను నడిపే వ్యక్తి జీతం, ఆ నియామకానికి అయ్యే ఖర్చు కూడా ఆ ఇరవైలోకే వస్తాయి. అయితే సంస్థ ఆసుపత్రిలో డాక్టర్ల జీతాలు, బడిలో టీచర్ల జీతాలు ఆ లెక్కలోకి రావు. ఏటా 2 కోట్ల విదేశీ విరాళం అందుకునే సంస్థకు పరిపాలన కింద 40 లక్షల దాకా వీలుంటుంది. ఇరుకే, కానీ అసాధ్యం కాదు.

కంపెనీల సామాజిక బాధ్యత (సీఎస్‌ఆర్) నిధుల విషయంలో మాత్రం పూర్తిగా పొరపాటు పడుతున్నారు. 2021 నిబంధనల్లోని 5 శాతం పరిమితి, కంపెనీ తన సీఎస్‌ఆర్ విభాగం నిర్వహణకు పెట్టుకునే ఖర్చు మీద ఉన్నది. సేవాసంస్థకు ఇచ్చే ప్రాజెక్టు సొమ్ములో జీతాల మీద పెట్టిన పరిమితి కాదది. ఇది తెలియక తమంతట తామే బడ్జెట్ కోసుకుని పంపే సంస్థలు తక్కువేమీ కాదు.

అపోహ: రిటైరైన ఐఏఎస్ గారో, పెద్ద కంపెనీ అధికారో వస్తే సంస్థ గాడిన పడుతుంది.

రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఈ మోజు బలంగా ఉంది. కలెక్టరేట్‌లో తలుపులు తెరుచుకుంటాయని, సచివాలయంలో ఫైలు కదులుతుందని ఆశ. అది కొంతవరకు నిజమే. కానీ డైరెక్టర్ పనిలో పెద్ద భాగం డబ్బు అడగడం. ముప్పై ఐదేళ్లు తన ముందు చేతులు కట్టుకున్నవాళ్లను చూసిన మనిషి, ఇప్పుడు పాతికేళ్ల సీఎస్‌ఆర్ మేనేజర్ ముందు కూర్చుని రిపోర్టు ఎందుకు ఆలస్యమైందో వివరించాలి. కొందరు హుందాగా చేయగలరు, చాలామందికి మనసొప్పదు. పైగా ఆఫీసులో ఉత్తర్వు ఇస్తే పని జరిగిపోతుంది. ఊళ్లో మహిళా సంఘం మీద ఏ ఉత్తర్వూ పనిచేయదు.

అలాగని బయటివాళ్లెవరూ పనికిరారనడం దీనికి తిరగేసిన అపోహ. అక్షయపాత్రను సీఈవోగా నడిపిన శ్రీధర్ వెంకట్ కార్పొరేట్ రంగం నుంచి వచ్చినవారే. రోజూ లక్షల మంది పిల్లలకు వేడి భోజనం వేళకు అందించడంలో వంటశాలలు, సరుకు సేకరణ, రవాణా ఉన్నాయి. అది పరిశ్రమకు దగ్గరి పని. భూమి హక్కుల మీద పనిచేసే సంస్థకు ఆ అనుభవం అంతగా ఒదగదు. కాబట్టి ‘ఎవరు పెద్ద?’ అని చూసేముందు రాబోయే ఐదేళ్లలో ఇక్కడ చేయాల్సిన పనేమిటో బోర్డు రెండు పేజీలు రాసుకోవాలి. చాలా బోర్డులు ఆ రెండు పేజీలే రాయవు.

ఇంగ్లీషు సంగతి కూడా ఇక్కడే. ఇంటర్వ్యూలో ధారాళంగా మాట్లాడినవాళ్లకు మార్కులు పడిపోతాయి. ప్రపోజల్ రాసిపెట్టే మనిషిని విడిగా తెచ్చుకోవచ్చు. గ్రామసభలో ఎదురుతిరిగిన రైతుకు తెలుగులో జవాబు చెప్పగల డైరెక్టర్‌ను అలా తెచ్చుకోలేం.

అపోహ: స్థాపించినవాళ్లు లేకపోతే సంస్థ నిలవదు.

రిప్పన్ కపూర్ 1979లో స్నేహితులతో కలిసి 50 రూపాయలతో పిల్లల హక్కుల సంస్థ ‘క్రై’ మొదలుపెట్టారు. 1994లో, నలభై ఏళ్లకే చనిపోయారు. ఆయన లేకుండా ‘క్రై’ నడిచిన కాలం, ఆయన ఉన్న కాలానికి రెట్టింపు దాటింది. విద్యారంగంలో పనిచేసే ‘ప్రథమ్’లో సహవ్యవస్థాపకుడు మాధవ్ చవాన్ తర్వాత 2015లో సీఈవో అయిన రుక్మిణీ బెనర్జీ అప్పటికే ఏళ్ల తరబడి అందులో పనిచేస్తున్నవారు. బాలకార్మికుల విముక్తి కోసం పనిచేసే ఎం.వి. ఫౌండేషన్ నుంచి వ్యవస్థాపకురాలు శాంతా సిన్హా 2007లో జాతీయ బాలల హక్కుల కమిషన్ తొలి అధ్యక్షురాలిగా వెళ్లారు, సంస్థ పని ఆగలేదు. అనంతపురంలో విన్సెంట్ ఫెర్రర్ 2009లో కన్నుమూశాక ఆయన స్థాపించిన రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు (ఆర్‌డీటీ) బాధ్యత భార్య అన్నే ఫెర్రర్ తీసుకున్నారు. దాన్ని కుటుంబ వారసత్వమని తేలిగ్గా కొట్టిపారేయడానికి లేదు, ఆమె అప్పటికే దాదాపు నలభై ఏళ్లుగా ఆ పనిలోనే ఉన్నారు.

అన్నిటికంటే గట్టి పరీక్ష 108 అంబులెన్సు సేవకు ఎదురైంది. 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో మొదలైన ఆ సేవ వెనక సత్యం కంప్యూటర్స్ అధినేత రామలింగరాజు ఉన్నారు. 2009 జనవరిలో సత్యం కుంభకోణం బయటపడింది. అదే ఏడాది జీవీకే సంస్థ బాధ్యత తీసుకుంది. అంబులెన్సులు తిరుగుతూనే ఉన్నాయి, ఎందుకంటే ప్రభుత్వంతో ఒప్పందం, కాల్ సెంటర్, శిక్షణ పొందిన సిబ్బంది ఒక మనిషి మీద ఆధారపడి లేవు.

అపోహ: ప్రకటన ఇస్తే నెలలో మనిషి దొరుకుతారు.

నాలుగు నుంచి ఆరు నెలలు పట్టడం మామూలే. మంచివాళ్లు ఎక్కడో పనిలో ఉంటారు, అక్కడ నోటీసు కాలమే రెండు మూడు నెలలుంటుంది. రిక్రూట్‌మెంట్ సంస్థకు అప్పగిస్తే ఫీజు సాధారణంగా మొదటి ఏడాది జీతంలో మూడో వంతు దాకా ఉంటుంది. అంత ఇచ్చినా వాకబు బోర్డే చేసుకోవాలి. పిల్లనిచ్చేముందు అబ్బాయి ఊరికి వెళ్లి నలుగురినీ అడిగినట్టే, అభ్యర్థి పాత సంస్థలో పైవాళ్లనే కాకుండా కింద పనిచేసినవాళ్లను, అకౌంటెంటును కూడా అడగాలి. చివరి ఇద్దరు ముగ్గురు అభ్యర్థులను రెండు రోజులు ఊళ్లకు పంపి, సాయంత్రం అక్కడి కార్యకర్తల అభిప్రాయం తీసుకోవడం ఏ ఇంటర్వ్యూ ప్యానెల్ కంటే మెరుగు.

అపోహ: వారసులను ఎంచుకోవాల్సింది పెద్దాయనే.

ఎంచుకోవాల్సింది బోర్డు. డైరెక్టర్‌ను నియమించేది, పనితీరు చూసేది, అవసరమైతే తొలగించేది ఆ బోర్డే. చాలా చోట్ల బోర్డంటే పెద్దాయన మిత్రులు, బంధువులు. మినిట్స్ పుస్తకంలో సంతకం పెట్టి కాఫీ తాగి వెళ్లేవాళ్లు. అలాంటి బోర్డు ఉన్నంతకాలం ఎంత సమర్థులను తెచ్చినా ఏడాదిన్నరలో వెళ్లిపోతారు. కాబట్టి మార్పు మొదలవ్వాల్సింది పదవి ఖాళీ అయినప్పుడు కాదు. అంతకు రెండేళ్ల ముందే బోర్డులోకి లెక్కలు తెలిసినవాళ్లను, ఆ ఊళ్ల నుంచి వచ్చినవాళ్లను తీసుకోవాలి.

పెద్దాయన సలహా అడగాల్సిందే, ఆయనకు ఓటు మాత్రం ఇవ్వకూడదు. కొత్త డైరెక్టర్ చేరాక కనీసం ఏడాది పాటు ఆయన బోర్డుకు దూరంగా ఉండటం మంచిది. బ్యాంకు చెక్కుల మీద సంతకం అధికారం చేరిన వారంలోనే మారాలి. జీతం గురించి, బదిలీ గురించి సిబ్బంది పాత అలవాటు కొద్దీ పెద్దాయన ఇంటికి వెళితే, ఆయన టీ ఇచ్చి కొత్త డైరెక్టర్ దగ్గరికే పంపాలి.