గడ్డిపోచ పట్టిన బాలుడు
ఏకచక్రపుర గాథలో రోగార్తుల కుటుంబాలకు ధైర్యవచనం

ఇందూరు సీమలోని బోధన్ పట్టణమే మహాభారతంలోని ఏకచక్రపురమని ఇక్కడి ప్రజల విశ్వాసం. ఏకచక్రేశ్వరుని దర్శనానికి వచ్చే భక్తులకు బకాసుర వధ తెలిసినదే. అయితే ఆ వధకు ముందు ఒక ఇంట్లో జరిగిన సంభాషణను మనం అంతగా తలచుకోము. తల్లికో తండ్రికో క్యాన్సర్ వచ్చిందని తెలిసి కలత చెందిన కుటుంబాలకు ఆ ఘట్టం గొప్ప ఊరట.

పాండవులు తలదాచుకున్న బ్రాహ్మణుని ఇంటికి బకునికి ఆహారం పంపే వంతు వచ్చింది. తాను వెళ్తానని తండ్రి అన్నాడు, తాను వెళ్తానని తల్లి అన్నది, కూతురూ ముందుకు వచ్చింది. అందరూ విలపిస్తుండగా ఇంకా మాటలు సరిగా రాని చిన్నవాడు ఒక గడ్డిపోచ చేతబట్టి, దీనితోనే ఆ రాక్షసుని చంపుతానన్నాడు. అంతటి దుఃఖంలోనూ వారి ముఖాలు వికసించాయి. ఆ గడ్డిపోచ రాక్షసుని చంపలేదు. కాని ఆ క్షణంలోనే కుంతీదేవి వారి చెంతకు వచ్చి దుఃఖకారణం అడిగింది.

ఈ ఘట్టంలో గ్రహించవలసిన మొదటి విషయం, ఆ ఇంట్లో ఎవరూ ఆపదను దాచుకోలేదు. నేడు అనేక కుటుంబాల్లో ‘నాన్నగారికి తెలియనివ్వవద్దు’ అంటారు. ప్రేమతో అనే మాటే అది. కాని చాలామంది రోగులు ఇంటివారి ముఖాలు చూసే గ్రహిస్తారు, ఆపై ఒంటరిగా భయపడతారు. వారు ఎంత తెలుసుకోగోరుతున్నారో అడిగి, అంతవరకు మృదువుగా చెప్పడం మేలు.

రెండవది, కుంతి విశ్వాసం. భీముని పంపుతానన్నప్పుడు ధర్మరాజు సైతం అభ్యంతరం తెలిపాడు. ఆమె చలించలేదు. లక్క ఇంటి నుండి అందరినీ మోసుకువచ్చిన భీముని బలం, హిడింబుని వధించిన పరాక్రమం ఆమె ఎరుగును. తెలిసిన బలంపై నిలిచిన విశ్వాసమది. మన కాలంలో ఆ బలం వైద్యశాస్త్రం. ప్రార్థన మనసును నిలుపుతుంది, చికిత్స రోగంతో పోరాడుతుంది. ఒకదాని కోసం మరొకదానిని విడువరాదు.

ఇందూరు పసుపుకు పేరుగాంచిన నేల. వంటలో పసుపు మంచిదే. కాని పసుపు గుళికలనో, మూలికాచూర్ణాలనో నమ్మి కీమోథెరపీని మధ్యలో మానడం ప్రమాదం. కొన్ని మూలికలు మందుల పనికి అడ్డు తగులుతాయి. ఏది వాడినా వైద్యునికి చెప్పాలి.

మూడవది, పొరుగువారి పాత్ర. ఏడుపు విని కుంతి తానే వచ్చింది. నిజామాబాద్ నుండి హైదరాబాదు సుమారు 175 కిలోమీటర్లు. రేడియేషన్ అంటే తరచు వారానికి అయిదు రోజుల చొప్పున కొన్ని వారాలు. 2015 డిసెంబరులో నిజాం చక్కెర కర్మాగారం మూతపడినప్పటి నుండి జీతం లేని ఇళ్లు శక్కర్‌నగర్‌లో ఎన్నో. అటువంటి ఇంటికి తోడుగా వెళ్లడం, పిల్లలకు అన్నం పెట్టడం కూడా దైవసేవయే. రెడ్‌హిల్స్‌లోని ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రి 1955 నుండి ఉన్న ప్రభుత్వ సంస్థ. నొప్పిని తగ్గించే ఉపశమన వైద్యమూ అక్కడ ఉన్నది. ఆరోగ్యశ్రీ కింద అనేక క్యాన్సర్ చికిత్సలు లభిస్తాయి. ఆ పథకం పరిమితిని 2023 డిసెంబరులో కుటుంబానికి ఏటా 10 లక్షల రూపాయలకు పెంచారు. పొలం అమ్మకముందే ఈ వివరాలు విచారించాలి.

చికిత్స కాలంలో క్షేత్రదర్శనం చేయదలచినవారు కొన్ని జాగ్రత్తలు పాటించాలి. కీమోథెరపీతో తెల్లరక్తకణాలు తగ్గి, అంటువ్యాధులు సులభంగా సోకుతాయి. పర్వదినాల రద్దీని విడిచి, వైద్యుని అనుమతితో తీరిక వేళల్లో రావాలి. తీర్థం, కోసి ఉంచిన పండ్లు, దారిలో చెరకు రసం వద్దు. తీర్థాన్ని కనులకద్దుకుంటే చాలు. జ్వరం 100.4 డిగ్రీల ఫారన్‌హీట్‌కు చేరితే ఏ పూజ మధ్యలో ఉన్నా ఆలస్యం చేయక ఆసుపత్రికి వెళ్లాలి. ఉపవాసాలు చేయవద్దు, శరీరానికి ఆహారమే బలం. రోగార్తులకు నియమాలు సడలించడం మన ధర్మశాస్త్ర సంప్రదాయమే. మొక్కు తీర్చడానికి గడువు లేదు. కోలుకున్నాక తీర్చవచ్చు, బిడ్డలు వారి గోత్రనామాలతో అర్చన చేయించవచ్చు.

చివరగా ఒక మాట. అన్నీ చేసినా కొందరి వ్యాధి లొంగదు. అప్పుడు ‘భక్తి చాలలేదు’, ‘పూర్వకర్మ’ అని రోగిని గాని, సేవచేసిన బిడ్డను గాని నొప్పించరాదు. అటువంటి వేళ నొప్పి లేకుండా చూడడం, చేయి పట్టుకుని కూర్చోవడం, వారు కోరిన నామం వినిపించడం కూడా చికిత్సలో భాగమే. ఆశ అంటే రేపటి ఫలంపై పట్టుదల మాత్రమే కాదు. ఈ పూట అమ్మ రెండు ముద్దలు తిన్నదని సంతోషించడమూ ఆశయే. ఆ బాలుని గడ్డిపోచ ఆ ఇంటికి ఇచ్చింది అదే.

సర్వే జనాః సుఖినో భవంతు.