పెరట్లో పిచ్: టర్ఫ్ కన్నా ముందు నేల లెక్క

క్రికెట్ పిచ్ పొడవు 22 గజాలు, అంటే 66 అడుగులు. లేఅవుట్లలో తరచూ కనిపించే 267 గజాల ప్లాటు కొలతలు 40, 60 అడుగులు. ఇల్లు కట్టకుండా వదిలేసినా ఆ స్థలంలో నిలువునా పూర్తి పిచ్ పట్టదు. అందుకే పిల్లలు టర్ఫ్ అడగగానే శాంపిల్ ముక్కలు తెప్పించుకోవద్దు, ముందు టేపు పట్టండి. పదేళ్లలోపు పిల్లలకైతే అంత పొడవు అక్కర్లేదు. ఆస్ట్రేలియా క్రికెట్ బోర్డు చిన్నారుల ఆటకు 16 మీటర్ల పిచ్, ఆ పై దశకు 18 మీటర్లు పెట్టింది. 16 మీటర్లంటే యాభై రెండున్నర అడుగులే.

పూర్తి పిచ్ కావాలనుకునేవారి కోసం పది సెంట్ల స్థలం తీసుకుందాం. వెడల్పు 50 అడుగులు, లోతు 87 అడుగులు. ప్రహరీ వెంట 4 మీటర్ల వెడల్పు, 22.5 మీటర్ల పొడవున ఒక పట్టీ వదిలితే ఇంటికి ఇంకా 37 అడుగుల వెడల్పు మిగులుతుంది. ఈ పట్టీ 90 చదరపు మీటర్లు, అంటే దాదాపు 970 చదరపు అడుగులు. ఇక లెక్కలన్నీ దీని మీదే.

ఖర్చులోనూ శ్రమలోనూ పెద్ద భాగం కంటికి కనిపించని చోట ఉంటుంది. ఫుట్‌బాల్ టర్ఫ్‌కు బాగా అణిచిన కంకర, డస్ట్ సరిపోతాయి. క్రికెట్‌లో బంతి ఒకే తీరుగా లేవాలంటే కింద కాంక్రీట్ ఉండాల్సిందే. ఆరంగుళాల కంకర, దాని మీద నాలుగంగుళాల కాంక్రీట్ అనుకుంటే పది అంగుళాలు తవ్వాలి. బయటికొచ్చే మట్టి సుమారు 800 ఘనపుటడుగులు. ట్రాక్టర్‌కు వంద అడుగుల లెక్కన కనీసం ఎనిమిది ట్రిప్పులు. కాంక్రీట్ 9 ఘనపు మీటర్లు పడుతుంది, దాని బరువే 21 టన్నులు దాటుతుంది. ఎర్రనేల అయితే ఈ లోతు చాలు. గుంటూరు, కర్నూలు వైపు నల్లరేగడిలో ఇల్లుంటే మాత్రం ఇక్కడ పొదుపు చేయొద్దు. ఆ మట్టి వానకు ఉబ్బుతుంది, ఎండకు నెర్రెలిస్తుంది. మీద ఎంత మంచి టర్ఫ్ పరిచినా రెండేళ్లు తిరక్కుండానే స్లాబు చీలొచ్చు. రేగడిని ఇంకా లోతుగా తీసేసి, మొరం పొరలు పొరలుగా పోసి, ప్రతి పొరకూ నీళ్లు పెట్టి రోలర్ తిప్పించాలి.

తర్వాతది వాలు. నూటికి ఒక వంతు వాలు చాలు. దాన్ని పొడవునా ఇస్తే ఒక వికెట్ కన్నా రెండోది 20 సెంటీమీటర్లు కిందికి పోతుంది, ఆటే మారిపోతుంది. అడ్డంగా ఇస్తే తేడా 4 సెంటీమీటర్లే. నీళ్లు ప్రహరీ వైపుకు జారి కాలువలో పడతాయి. వాతావరణ శాఖ లెక్కలో భారీ వర్షం 64.5 మిల్లీమీటర్ల దగ్గర మొదలవుతుంది. చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు. అంటే ఒక్క భారీ వానకు ఈ పట్టీ మీద 5,800 లీటర్లు పడతాయి, వెయ్యి లీటర్ల ట్యాంకులు దాదాపు ఆరు. వాటిని వీధిలోకి వదలకుండా ఇంకుడుగుంతకు మళ్లించండి. గుంతను కంకరతో నింపితే నీటికి దొరికే ఖాళీ సుమారు 40 శాతమేనని గుర్తుంచుకుని కొలతలు వేయండి.

ఇప్పుడు టర్ఫ్. రోల్స్ 2 మీటర్లు లేదా 4 మీటర్ల వెడల్పున వస్తాయి. నాలుగు మీటర్లది దొరికితే అతుకే ఉండదు. రెండు మీటర్లవి రెండు పక్కపక్కన పరిస్తే అతుకు సరిగ్గా మిడిల్ స్టంప్ ఎదురుగా పడుతుంది. బంతి ఎక్కువగా పడేదీ అక్కడే, అతుకు ముందు లేచేదీ అక్కడే. ఒక రోల్‌ను నిలువునా సగానికి కోయించి, నిండు రోల్ మధ్యలో వేసి, సగాలను చెరో పక్కన పెట్టించండి. సరుకు అంతే, అతుకులు మాత్రం మధ్య గీతకు చెరో మీటరు దూరం జరుగుతాయి.

క్రికెట్‌కు 9 నుంచి 12 మిల్లీమీటర్ల ఎత్తున్న దట్టమైన టర్ఫ్ తీసుకోండి. పోచల మధ్య 8 మిల్లీమీటర్ల మేర సిలికా ఇసుక నింపితే సుమారు 1,100 కిలోలు, 50 కిలోల బస్తాలు 22. ఈ ఇసుక మన గూడూరు, చిల్లకూరు ప్రాంతాల్లోనే దొరుకుతుంది. రబ్బరు గుళికలు వద్దు. అవి బూట్లకు అంటుకుని, వానకు కొట్టుకుపోయి మట్టిలో కలుస్తాయి. యూరోపియన్ యూనియన్ 2031 అక్టోబరు నుంచి ఆటస్థలాల్లో నింపే అలాంటి గుళికల అమ్మకాన్ని నిషేధించింది.

వల లెక్క చాలామందిని కంగారు పెడుతుంది. 12 అడుగుల ఎత్తున రెండు పక్కలా, పైనా, బ్యాట్స్‌మన్ వెనకా కట్టాలంటే సుమారు 269 చదరపు మీటర్లు, టర్ఫ్‌కు మూడింతలు. బంతి వ్యాసం 7 సెంటీమీటర్ల పైచిలుకు కనుక 45 మిల్లీమీటర్ల గళ్లు చాలు.

ఎండను తేలిగ్గా తీసుకోవద్దు. అమెరికాలోని బ్రిగమ్ యంగ్ యూనివర్సిటీలో 2002లో కృత్రిమ ఫుట్‌బాల్ మైదానాన్ని కొలిచారు. 79 డిగ్రీలున్న ఉపరితలం నీళ్లు చల్లితే 29కి దిగింది. అయిదు నిమిషాల్లో 49కి, ఇరవై నిమిషాల్లో 73కి మళ్లీ ఎక్కింది. పొట్టి పోచ, ఇసుక ఉన్న పిచ్ అంత కాలకపోవచ్చు కానీ మన మే నెలలో మధ్యాహ్నం పిల్లల్ని చెప్పుల్లేకుండా దాని మీదికి పంపకూడదు. ఆట పొద్దున, సాయంత్రమే.

కొటేషన్లు చదరపు అడుగు లెక్కన ఇస్తారు. అడుగుకు పది రూపాయల తేడా వస్తే ఈ పట్టీ మీద 9,700 రూపాయలు. ఆ తేడా టర్ఫ్‌లో ఉందా, కింది పనిలో ఉందా అడగండి. కంకర మందం, కాంక్రీట్ మందం, వాలు, కాలువ విడివిడిగా రాయించండి. క్యూరింగ్ అయ్యాక, జిగురు పూయకముందే స్లాబు మీద నీళ్లు పోసి చూడండి. నీళ్లు నిలిచిన ప్రతిచోటా చుట్టూ సుద్దముక్కతో గీయండి. ఆ గీతలన్నీ సరిచేశాకే టర్ఫ్ రోల్ విప్పనివ్వండి, ఆ తర్వాతే రెండో విడత డబ్బు ఇవ్వండి.